గొలుసు గడియారం కొనేముందు మూత తెరవండి: పాత బంగారు నగిషీ గడియారాల సేకరణకు సమగ్ర మార్గదర్శి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ పాత ఇంట్లోనైనా బీరువా సర్దుతుంటే ముత్తాత గొలుసు గడియారం బయటపడిందనుకోండి, అది మొదట చేరేది అవుసలాయన తక్కెడ మీదికే. ఆయన మూతలు ఊడదీసి, తులాల లెక్క కట్టి, లోపలి మిషన్‌ను పక్కన పడేస్తాడు. బంగారం ధర ఎక్కినకొద్దీ ఇలా కరిగిపోయేవి ఎక్కువవుతున్నాయి. మిగిలినవాటిలో మంచిది ఒకటి కొని దాచుకుందాం అనుకునేవారి కోసం ఈ మార్గదర్శి.

ఒక్క మాట ముందే చెప్తాను. ఈ గడియారాల్లో మనసు లాగేది బయటి నగిషీ. పూలతీగలు, పిట్టలు, చెరువు గట్టున ఇల్లు, మధ్యలో పేరు చెక్కే డాలు. మోసపోయేది కూడా అక్కడే. అందుకే నగిషీని చివర చూడాలి. ముందు లోపలి ముద్రలు, తర్వాత లోహం, ఆ తర్వాతే పనితనం. ఈ వరుస తప్పితే బేరం మన చేతిలో ఉండదు.

ముందు ఏ రకం కావాలో తేల్చుకోండి

ముఖం మీద కూడా లోహపు మూత ఉండేది ఫుల్ హంటర్. ఆ మూత మధ్యలో చిన్న అద్దం ఉండి, తెరవకుండానే ముళ్లు కనిపించేది హాఫ్ హంటర్. మూతే లేకుండా అద్దం మాత్రమే ఉండేది ఓపెన్ ఫేస్. నగిషీ కోసం వెతికేవారికి ఫుల్ హంటరే సరైనది, ఎందుకంటే చెక్కడానికి ముందూ వెనకా రెండు పలకలు దొరుకుతాయి. ఓపెన్ ఫేస్‌లో వీపు ఒక్కటే.

దేశాన్ని బట్టి కూడా తేడా ఉంది. ఇంగ్లండ్ గడియారాలు బరువుగా, బందోబస్తుగా ఉంటాయి కానీ చాలావాటి మీద అలలు అలలుగా యంత్రంతో గీసిన గీతలు తప్ప పూలపని తక్కువ. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఆడవాళ్ల చిన్న గడియారాల మీద పని చాలా సన్నగా, కొన్నిటి మీద మీనాకారీతో కలిసి ఉంటుంది. అమెరికావాళ్లు, ముఖ్యంగా 1880, 1890ల్లో, హంటర్ మూతల మీద చోటు వదలకుండా చెక్కారు. ఎర్ర బంగారం, పచ్చ బంగారం, తెల్ల బంగారంతో పూలు విడిగా చేసి అతికించిన రంగురంగుల కేసులు (మిషన్ చుట్టూ ఉండే లోహపు డొల్లలు) కూడా వాళ్లవే. రాగి పాలు పెరిగితే ఎరుపు, వెండి పాలు పెరిగితే ఆకుపచ్చ ఛాయ వస్తుంది.

నా సలహా అడిగితే, మొదటిది అసలు బంగారంది కొనకండి. బంగారు తొడుగున్న (నాసి లోహం మీద బంగారు రేకు అతికించిన) అమెరికన్ హంటర్ ఒకటి, లేదా చిన్న స్విస్ ఆడవాళ్ల గడియారం ఒకటి తీసుకోండి. తెరవడం, మూయడం, చావి ఇవ్వడం, ముద్రలు చదవడం దాని మీద చేతికి అలవాటు కావాలి. పెద్ద 18 క్యారెట్ల గడియారం మీద అలవాటు చేసుకుందామనుకుంటే ఖరీదైన చదువే అవుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

పదిరెట్లు పెద్దగా చూపే, కంటికి పెట్టుకునే అద్దం తప్పనిసరి. మొనలేని కేసు కత్తి, పది మిల్లీగ్రాముల దాకా చూపే చిన్న కాటా, సన్న వెలుతురు పడే టార్చి, మెత్తటి గుడ్డ చాలు. వంటింటి చాకు, బ్లేడు, గోరుగల్లు దగ్గరికి రానివ్వొద్దు. పాత కేసుల అంచుల మీద కనిపించే గాట్లలో సగం అలా పడ్డవే.

కన్ను కుదరాలంటే కొనకముందే చూడాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను చూడటానికి జనం గుమిగూడతారు. ఆ పెద్ద గడియారం కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ దుకాణంది. గంట అయ్యాక జనం వెళ్లిపోతారు కదా, అప్పుడు గడియారాల గదిలో తీరిగ్గా నిలబడి కేసుల పనితనం చూడండి. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో పోవచ్చు.

ఎక్కడ వెతకాలి

నల్లగొండకూ, మహబూబ్‌నగర్‌కూ రెంటికీ క్లాక్ టవర్ సెంటర్లున్నాయి. అట్లాంటి సెంటర్ల చుట్టుపక్కల పాత వాచ్ రిపేరు డబ్బాలే మీకు అసలు చిరునామా. ఏ ఇంట్లో ఏ గడియారం ఉందో, ఎవరు ఎప్పుడు బాగుచేయించుకున్నారో వాళ్లకే తెలుసు. మాట కలుపుకొని, ఫోన్ నంబర్ ఇచ్చి రండి. పని ఉన్నా లేకున్నా అప్పుడప్పుడూ కనిపించాలి. నారాయణపేట, మిర్యాలగూడ, సూర్యాపేట లాంటి చోట్ల బంగారు దుకాణాలవాళ్లకూ చెప్పి ఉంచవచ్చు: కరిగించే ముందు ఒకసారి ఫోన్ చేయండి, మీ లెక్క మీద కొంత కలిపి ఇస్తాను అని. ఈ ఒక్క మాటకు చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్లకు నష్టమేమీ లేదు.

గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల కాలం నాటి ఉద్యోగుల కుటుంబాలు, దేశ్‌ముఖుల ఇండ్లు, పాత వకీళ్ల ఇండ్లు ఇవీ ఆశ పెట్టుకోదగ్గవి. రైల్వేలో పనిచేసినవాళ్ల ఇండ్లలో దొరికేవి ఎక్కువగా నికెలు, వెండి గడియారాలు. అవీ మంచివే, మన విషయం కాదు.

హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్‌కు, చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ వైపుకు పోవచ్చు. అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. లండన్ పేరు, నూటయాభై ఏళ్ల కిందటి సంవత్సరం పెద్ద అక్షరాలతో అచ్చేసిన ఇత్తడి గడియారాలు కుప్పలుగా కనిపిస్తాయి. కొన్నిటి మూత తీస్తే లోపల బ్యాటరీ ఉంటుంది. బల్ల మీద పెట్టుకోవడానికి బాగానే ఉంటాయి, అంతకుమించి ఏమీ లేదు. అసలు పాత గడియారం మీద తయారైన సంవత్సరాన్ని అట్లా బోర్డులాగా రాసే అలవాటు లేదు.

తెరవడం, మూయడం

గడియారం చేతికి రాగానే కింద మెత్తటి గుడ్డ పరవండి. వీటిలో దెబ్బ తట్టుకునే ఏర్పాటు ఉండదు, బల్ల ఎత్తు నుంచి పడితే చాలు, బ్యాలెన్స్ వీల్ (లోపల అటూ ఇటూ ఊగే చక్రం) ఇరుసు విరుగుతుంది.

హంటర్ పైమూత తెరవాలంటే పైనున్న బొడిపెను లోపలికి నొక్కాలి. లోపలి స్ప్రింగు బాగుంటే మూత ఎగిరి లేస్తుంది. లేవకపోతే గోటితో మెల్లగా తీయండి. స్ప్రింగు పోయిందని అర్థం, ఆ మేరకు బేరంలో తగ్గించండి. మూసేటప్పుడే అందరూ తప్పు చేస్తారు. సినిమాల్లో చూపినట్టు టక్కుమని మూయకూడదు. బొడిపెను నొక్కి పట్టుకొని మూతను అంచుదాకా తెచ్చి, అప్పుడు బొడిపెను వదలాలి. ఇట్లా చేస్తే కొక్కెం మూత అంచును గీకదు. టక్కుమనిపించిన గడియారాల్లో ఆ అంచు బంగారం అరిగి గుంట పడుతుంది, తర్వాత మూత ఆగదు. కొనేముందు ఆ అంచును అద్దంతో చూస్తే, ఇన్నేళ్లు దాన్ని ఎట్లా వాడారో తెలిసిపోతుంది.

వెనక మూత అంచున ఒక చోట చిన్న పెదవిలాంటి మిట్ట ఉంటుంది. గోరుగానీ కేసు కత్తిగానీ అక్కడే పెట్టాలి. అది ఎక్కడా కనిపించకపోతే బలవంతం చేయకండి, కొన్ని అమెరికన్ కేసులు డబ్బా మూతలాగా ఎడమకు తిప్పితే వస్తాయి. వెనక మూత కింద ఇంకో లోపలి మూత ఉంటుంది, మిషన్‌కు దుమ్ము తగలకుండా. దాని మీద ఫ్రెంచి రాతలు చూసి కంపెనీ పేరు అనుకునేవారు చాలామంది. చాలాసార్లు అవి లోపల ఇరుసులు తిరిగేందుకు అమర్చిన రాళ్లు ఎన్ని ఉన్నాయి, తాళంచెవి లేకుండా చావి ఇవ్వవచ్చా అనే వివరాలు మాత్రమే.

ముద్రలు చదవడం

ఇక్కడ తొందరపడొద్దు. వెనక మూత లోపలివైపు, పైమూత లోపలివైపు, లోపలి మూత, గొలుసు తగిలించే రింగు, ఈ నాలుగూ విడివిడిగా చూడాలి.

ఇంగ్లండ్ ముద్రలు వరుసగా ఉంటాయి: చేసినవారి అక్షరాలు, క్యారెట్, పరీక్షించిన ఊరి గుర్తు, సంవత్సరం తెలిపే అక్షరం. చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, కత్తితో పాటు మూడు గోధుమ పనలు చెస్టర్‌ది. 18 క్యారెట్లకు కిరీటం, 18 అంకె ఉంటాయి. 1854లో 15, 12, 9 క్యారెట్లకు అక్కడి చట్టం అనుమతిచ్చింది. 1932లో 15, 12 తీసేసి 14 పెట్టారు. అంటే ఇంగ్లండ్ ముద్రతో 15 క్యారెట్లు అని కనిపిస్తే ఆ కేసు 1854, 1932ల మధ్యది. సంవత్సరపు అక్షరం ఒక్కో ఊరికి ఒక్కో పట్టిక ప్రకారం నడుస్తుంది, కాబట్టి ముందు ఊరి గుర్తు, తర్వాతే అక్షరం.

స్విస్ బంగారంలో 1880ల నుంచి 18 క్యారెట్లకు హెల్వెషియా అనే స్త్రీ తల, 14 క్యారెట్లకు ఉడుత గుర్తు కొట్టారు. రెండూ ఆవగింజంత ఉంటాయి, అద్దం లేకుండా కనిపించవు. ఎలుగుబంటి ఉంటే అది వెండి. పైన బంగారు నీళ్లు పట్టించి ఉండవచ్చు. ఫ్రాన్స్‌లో 18 క్యారెట్లకు గద్ద తల.

అమెరికాది వేరే లోకం. ప్రభుత్వ ముద్ర ఉండదు, కేసు చేసిన కంపెనీ చెప్పిందే మాట. అక్కడ 1859లో జేమ్స్ బాస్ అనే ఆయన నాసి లోహపు రేకుకు రెండువైపులా బంగారు రేకును అతికించి కేసులు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. బంగారు తొడుగు కేసులు అట్లా వచ్చాయి. వీటిమీద "20 ఏళ్లు గ్యారంటీ", "25 ఏళ్లు గ్యారంటీ" అని ఇంగ్లీషులో ఉంటుంది. ఏళ్ల లెక్క కనిపించిందంటే గట్టి బంగారం కాదని ఖాయం, ఎంత బాగా మెరిసినా సరే. ఈ ఏళ్ల గ్యారంటీ ముద్రలు 1924 దాకా సాగాయి. పద్నాలుగు క్యారెట్లు అని ఉండి, పక్కనే ఏళ్ల మాట కూడా ఉంటే, ఆ పద్నాలుగు పైరేకుది మాత్రమే.

డయల్ మీద పేరు చూసి మురిసిపోవద్దు. మద్రాస్ పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా కుక్ అండ్ కెల్వీ లాంటి పేర్లు అమ్మిన దుకాణాలవి, మిషన్ స్విట్జర్లాండ్‌లోనో ఇంగ్లండ్‌లోనో తయారై ఉంటుంది. అయినా మన దగ్గర దొరికే గడియారానికి ఇట్లాంటి దేశీ దుకాణం పేరు ఉంటే నేను కొంచెం ఎక్కువే పెడతాను. అది ఈ నేలకు వచ్చిన దారి అందులో ఉంది.

నంబర్లు కలుస్తున్నాయా చూడండి. స్విస్ కేసుల్లో వెనక మూత మీద, లోపలి మూత మీద సాధారణంగా ఒకే నంబరు ఉంటుంది. కలవకపోతే ఒకదాని మూత ఇంకోదానికి వేశారని అనుమానించాలి. అమెరికన్ వాటిలో కేసు నంబరు, మిషన్ నంబరు వేర్వేరుగా ఉండటం మామూలే, అక్కడ కేసు విడిగా, మిషన్ విడిగా అమ్మేవారు. వాల్తామ్, ఎల్జిన్ లాంటి కంపెనీల మిషన్ నంబరుతో తయారైన సంవత్సరం తేల్చే పట్టికలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. గుర్తుంచుకోండి, ఆ సంవత్సరం మిషన్‌ది, కేసుది కాదు.

బంగారమా, తొడుగా

మన దగ్గర ఎవరిని అడిగినా గీటురాయి మీద గీస్తే తేలిపోతుంది అంటారు. ఉంగరానికి తేలుతుంది, గడియారానికి తేలదు. గీటురాయి మీద పడేది పైపొర గీత. బంగారు తొడుగు కేసు పైపొర నిజంగానే 14 క్యారెట్ల బంగారం, ఆమ్లం పోసినా నిలబడుతుంది. హాల్‌మార్కింగ్ సెంటర్‌లో ఉండే ఎక్స్‌ఆర్ఎఫ్ మిషన్ (ఎక్స్‌రేతో బంగారం శాతం చూపేది) కూడా పైపొరనే చదువుతుంది. మందపాటి తొడుగు ఉంటే మిషన్‌ కూడా మోసపోతుంది. కాగితం మీద అంకె వచ్చింది కదా అని డబ్బు లెక్కపెట్టొద్దు.

నమ్మదగ్గవి అరుగుదల జరిగే చోట్లు. గొలుసు రింగు లోపలి వంపు, బొడిపె పళ్ల చివరలు, మూత కీలు దగ్గరి మిట్టలు, మూతల అంచులు. అద్దం పెట్టి టార్చి పక్క నుంచి వేయండి. బంగారం కింద నుంచి ఇత్తడి పసుపు, లేదా ఎర్రటి రాగి గీతలా బయటపడితే తొడుగే. అంచు బాగా అరిగిన చోట రెండు బంగారు పొరల మధ్య వేరే రంగు చార సన్నగా కనిపిస్తుంది. గట్టి బంగారం ఎంత అరిగినా లోపలా అదే రంగు. పచ్చటి చిలుము కీలు సందుల్లో పేరుకొని ఉన్నా కింద నాసి లోహం ఉన్నట్టే అనుమానించండి, తక్కువ క్యారెట్ల బంగారంలోనూ కొంచెం రావచ్చు కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకోకండి.

రింగూ, బొడిపె తర్వాత మార్చి ఉండవచ్చు. అక్కడ ఇత్తడి కనిపించిందని కేసంతా కొట్టిపారేయొద్దు, అక్కడ బంగారం ఉందని కేసంతా నమ్మనూ వద్దు. ఇక లోపలి మూత: బయటి మూతలు 18 క్యారెట్లయినా లోపలిది ఇత్తడి కావడం స్విస్ గడియారాల్లో చాలా మామూలు. దాని మీదే ఫ్రెంచిలో లోహం అని రాసి ఉంటుంది కూడా. దాన్ని బంగారంలో కలిపి తూచేవాళ్లు ఉన్నారు.

గొలుసును విడిగా చూడండి. ఇంగ్లండ్ బంగారు గొలుసులకు చాలావాటికి ప్రతి కడి మీదా క్యారెట్ ముద్ర ఉంటుంది. గడియారం బంగారం, గొలుసు తొడుగు, రెంటికీ కలిపి ఒకే ధర అనే బేరం తరచుగా వస్తుంది.

ఇప్పుడు నగిషీ

మంచి వెలుతురు, కిటికీ పక్క వెలుతురైతే ఇంకా మంచిది. మూతను నెమ్మదిగా వంచుతూ చూడండి. చేత్తో చెక్కిన గీత ముగ్గు గీతలాగా సన్నగా మొదలై, వంపు దగ్గర లావై, మళ్లీ సన్నగా ఆగుతుంది. గీత లోపల రెండు గోడలూ నునుపుగా మెరుస్తాయి, మూతను కొంచెం తిప్పితే ఆ మెరుపు ఒక గోడ నుంచి రెండో గోడకు మారుతుంది. పక్కపక్కన రెండు ఆకులుంటే ఆ రెండూ పూర్తిగా ఒకటి కావు. ఒక ఈనె ఎక్కువో తక్కువో ఉంటుంది, ఉలి జారిన చిన్న గీత ఎక్కడో దొరుకుతుంది. ఆ జారుడు గీత నాకు నగిషీలో అన్నింటికంటే ఇష్టమైనది.

అచ్చుతో నొక్కిన పనిలో అంచులు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. పువ్వుకు పువ్వు అచ్చు గుద్దినట్టే ఉంటుంది. చవక తొడుగు కేసుల్లో ఇది ఎక్కువ. మూడోది మిషన్ గీతల పని: మధ్య నుంచి అలలు, కిరణాలు లెక్క తప్పకుండా అంచుదాకా పాకుతాయి. మిషన్ అన్నంత మాత్రాన తక్కువది కాదు. ఆ యంత్రాన్ని చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో ఉలిని నొక్కి పట్టి చేసిన పని అది, ఒక్క గీత తప్పితే పలకంతా పోయినట్టే. మంచి కేసుల్లో ఈ అలల నేల మీద మధ్య డాలును, చుట్టూ తీగలను చేత్తో చెక్కి రెండూ కలిపారు.

అరుగుదల ఎంత ఉందో చూడాలి. జేబులో ఏళ్ల తరబడి తిరిగిన మూతలో మధ్య ఉబ్బు దగ్గర గీతలు ముందు మాయమవుతాయి, అంచుల దగ్గర నిలుస్తాయి. ఇది సహజం. మధ్యలో గీతలు పదునుగా, అంచుల్లో అరిగి ఉంటే ఎవరో తర్వాత మళ్లీ చెక్కారు. అంతా సమంగా, సబ్బు అరిగినట్టు నునుపుగా ఉంటే పాలిష్ చక్రానికి ఎక్కించారు. అట్లాంటిది సగం ధరకు వచ్చినా నేను వద్దంటాను. పోయిన నగిషీ తిరిగి రాదు, ఎంత బంగారం ఉన్నా.

పాత యజమాని పేరు గీకేసిన డాలును కూడా కనిపెట్టవచ్చు. టార్చి అడ్డంగా వేస్తే అక్కడ చిన్న పల్లం, వెలుతురు వంకరగా పడటం కనిపిస్తాయి. అక్కడ లోహం పలచబడి ఉంటుంది. కీలు చుట్టూ బూడిదరంగు ముద్దలాగా ఉంటే ఎవరో సీసం కలిసిన టంకంతో అతికారు. సీసం బంగారాన్ని తింటుంది, సరిచేయించాలంటే మంచి పనివాడు కావాలి, ఖర్చూ ఎక్కువే.

మూత లోపలి పేర్లు, సంవత్సరాలు

బహుమతిగా ఇచ్చిన గడియారాల్లో పేరు, సందర్భం, సంవత్సరం చెక్కి ఉంటాయి. నిజాం రాజ్యంలో ఇచ్చినవాటి మీద ఉర్దూ అంకెలు రావచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. ఆ సంవత్సరం హిజ్రీ (ముస్లింల చాంద్రమాన లెక్క) కావచ్చు, ఫసలీ (నిజాం కాలపు శిస్తు లెక్క) కావచ్చు. మన జిల్లాల్లో పాత పహాణీలు చూసినవారికి ఫసలీ కొత్తేం కాదు: దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1320 అని ఉందనుకోండి. ఫసలీ అయితే 1910-11. హిజ్రీ అయితే 1902-03. ఎనిమిదేళ్ల తేడా. మహబూబ్ అలీ ఖాన్ 1911లో చనిపోయి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన కాలం కాబట్టి, 1320ల అంకె కనిపిస్తే ఏ నవాబు హయాం అన్నది ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. మిషన్ నంబరుతో తేలిన సంవత్సరం పక్కన పెట్టి చూడండి. మిషన్ పుట్టకముందే బహుమతి ఇచ్చినట్టు వస్తే ఏదో ఒకటి తప్పు.

మిషన్

నగిషీ కోసమే కొంటున్నా మిషన్ చచ్చినది కొనకండి. చావి రెండు మూడు చుట్లు మాత్రమే ఇచ్చి చూడండి, నూనె ఎండిన మిషన్‌కు నిండా ఇవ్వడం మంచిది కాదు. బ్యాలెన్స్ వీల్ బద్ధకం లేకుండా అటూ ఇటూ ఊగాలి. గడియారాన్ని ముఖం పైకి, కిందికి, నిలువుగా పట్టి చూసినా ఆగకూడదు. చప్పుడు విని వేగం చెప్పే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. ఎక్కువ గడియారాలు గంటకు 18,000 సార్లు కొట్టుకుంటాయి, పాత ఇంగ్లండ్‌వి 14,400 కూడా ఉంటాయి. రోజుకు గంటల కొద్దీ ముందుకు పరుగెత్తితే హెయిర్ స్ప్రింగు (బ్యాలెన్స్ వీల్‌ను ఊపే సన్న స్ప్రింగు) అయస్కాంతం పట్టి ఉండవచ్చు, అది చిన్న పనే.

తాళంచెవితో చావి ఇచ్చే పాత రకమైతే సరైన నంబరు చెవి ఉండాలి. వదులు చెవి వాడితే లోపలి చదరపు ఇరుసు గుండ్రంగా అరిగిపోతుంది. డయల్ ఎనామెల్‌దైతే వెంట్రుక పగుళ్లు సాధారణమే, పెచ్చు ఊడితేనే ధర తగ్గించండి.

ధర కట్టడం

అమ్మేవారు ఎప్పుడూ మొత్తం బరువు చెప్తారు. ఒక ఫుల్ హంటర్ 92 గ్రాములు తూగిందనుకుందాం, 18 క్యారెట్లు. మిషన్, డయల్, అద్దం, ఇత్తడి లోపలి మూత కలిపి 44 గ్రాములు పోతే కేసు 48 గ్రాములు. అందులో 75 శాతం అసలు బంగారం, అంటే 36 గ్రాములు, పది గ్రాముల తులం లెక్కన మూడున్నర తులాల పైచిలుకు. అదే 92 గ్రాములనూ 22 క్యారెట్ల నగ లెక్కన కడితే 84 గ్రాములు వస్తుంది. రెండింతలు దాటి. కాబట్టి మిషన్ విప్పి తూచే అవకాశం లేకపోతే, అదే సైజు మిషన్ విడిగా ఎంత తూగుతుందో ముందే తెలుసుకొని ఉండండి.

ఈ బంగారం విలువ నేల లాంటిది, అంతకు కిందికి ఎవరూ ఇవ్వరు. దానిమీద నగిషీకి, మిషన్‌కు, చరిత్రకు ఎంత పెట్టాలన్నది మీ ఇష్టం. రంగుల బంగారం పువ్వులు రేకు ఊడకుండా ఉన్నవాటికి, మీనాకారీ పగలని వాటికి గట్టిగా పెట్టవచ్చు. మామూలు మిషన్ గీతల కేసుకు బంగారం పైన కొంచెం చాలు.

ఇంకో మాట. ఊళ్లో ముసలమ్మ చేతిలోంచి కొనేటప్పుడు, ఇది కరిగించేది కాదు, ఇంత విలువ ఉంది అని చెప్పే కొనండి. తెలివి చూపించి తక్కువకు కొట్టేసినవాళ్ల పేరు ఆ మండలంలో త్వరగానే పాకుతుంది, తర్వాత ఆ వైపు ఎవరూ గడియారం చూపించరు.

కాగితం

అమ్మినవారి పేరు, ఊరు, గుర్తింపు కార్డు కాపీ, గడియారం నంబర్లు, ఫోటోలు, ఇచ్చిన మొత్తం రాసి సంతకం తీసుకోండి. దొంగసొత్తు అని తర్వాత తేలితే మీ దగ్గర ఉండే ఆధారం అదొక్కటే. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. అన్నదమ్ముల ఉమ్మడి సొత్తయితే మిగతావాళ్ల ఒప్పుకోలు కూడా రాయించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇంటికి వచ్చాక

నగలకు చేసినట్టు కుంకుడు పులుసులో వేసి కడగకండి. చింతపండు, టూత్‌పేస్ట్ అసలే వద్దు. తడి మిషన్‌లోకి పోతుంది, టూత్‌పేస్ట్ సన్న నగిషీని అరగదీస్తుంది. పొడి మెత్తటి గుడ్డ, నగిషీ సందులకు మెత్తటి కుంచె చాలు. సందుల్లో నల్లగా పేరుకున్నదాన్ని కూడా నేను తీయను, దానివల్లే గీతలు ఎత్తుగా కనిపిస్తాయి.

మిషన్‌ను మూడు నుంచి ఐదేళ్లకు ఒకసారి విప్పి శుభ్రం చేసి నూనె వేయించాలి. ఇచ్చే ముందు అడగండి: విప్పి కడుగుతారా, లేక విప్పకుండా పెట్రోల్లో ముంచుతారా? రెండోదైతే తీసుకొని వచ్చేయండి. పాత ఇరుసు విరిగితే లేత్ మీద కొత్తది తయారుచేసే చేయి మన వైపు అరుదు, దొరికితే ఆ మనిషిని వదులుకోవద్దు. బాగున్న గడియారానికి రోజూ ఒకే వేళకు చావి ఇవ్వండి. వాడనివాటికి కూడా నెలకోసారి కొన్ని చుట్లు ఇవ్వవచ్చు, నూనె ఎండిపోయి ఉంటే మాత్రం వద్దు.

నల్లగొండ ఎండలకు నూనె త్వరగా చిక్కబడుతుంది, వానల్లో ఉక్కు భాగాలకు తుప్పు. రేకుల షెడ్డు గదిలో, గోడ బీరువా పైఅరలో పెట్టకండి. ఒక్కోదాన్ని ఒక్కో నూలు సంచిలో, గొలుసు తీసి వేరే సంచిలో, పక్కన సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. గొలుసు తీయకుండా కలిపి పెడితే గొలుసే మూతను గీకుతుంది. ఖరీదైనవి బ్యాంకు లాకర్‌లో ఉంచి, నంబర్ల పుస్తకం ఇంట్లో ఉంచుకోండి.

దేశం దాటించాలంటే

పిల్లలు అమెరికాలో ఉన్నారు, పోయేటప్పుడు తాతగారి గడియారం తీసుకుపోదాం అనుకునేవారు ఇది చదవాలి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాత్మక వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడం నిషేధం. నగిషీ ఉన్న పాత బంగారు గడియారానికి విమానాశ్రయంలో ఈ ప్రశ్న వచ్చే అవకాశం ఉంది. అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి, వస్తువును చూపించాలి, ఫోటోలు ఇవ్వాలి. మిషన్ నంబరుతో మీరు తేల్చిన సంవత్సరం అక్కడ పనికొస్తుంది. టికెట్టు కొన్నాక కాదు, అంతకు చాలా ముందే దరఖాస్తు పెట్టండి. బయటి నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటుంటే కస్టమ్స్ సుంకం ఎంత పడుతుందో ముందే కనుక్కొని, దాన్ని కూడా కలిపాకే వేలంలో పాట పెంచండి.